రాజీనామా ఒకరిది, వోటు ఇంకొకరిది

కాటన్‌పేటలో తరతరాలుగా కాపురమున్న మా బోటి తెలుగు కుటుంబాలకు వోటు ఇక్కడ, మనసు అక్కడ. ఈ సంగతి మాకు బాగా తెలిసివచ్చినది 1991లో, నంద్యాల ఉప ఎన్నిక నాడు.

ఆ యేడు జూన్ 21న పి.వి. నరసింహారావుగారు ప్రధాని అయినారు. అప్పటికాయన పార్లమెంటులో సభ్యులు కారు. ఆరు నెలలలోగా సభ్యత్వం సంపాదించకపోతే పదవి నిలవదని రాజ్యాంగ నియమం. కొద్ది నెలల క్రితమే నెగ్గిన నంద్యాల సభ్యులు గంగుల ప్రతాపరెడ్డిగారు రాజీనామా చేసి చోటిచ్చారు. తొలిసారి తెలుగువాడు ప్రధాని అయినాడని ఎన్.టి. రామారావుగారు తమ పక్షాన అభ్యర్థినే నిలపలేదు. భాజపా తరఫున బంగారు లక్ష్మణ్‌గారు నిలిచినా, నవంబరులో పి.వి.గారి ఆధిక్యత 5 లక్షల 80 వేలు దాటినది. మేమూ పొంగిపోయినాము, పొంగమా మరి!

అయితే ఇన్నేళ్లకు నిదానించి చూస్తే ఒక సందేహం కలుగుతుంది. కొద్ది నెలల కిందట నంద్యాల రైతు వోటు వేసినది ఒకరికి. ఆ స్థానం వదులుకున్నప్పుడు ఆ రైతును అడిగినవారెవరు? ప్రధాన ప్రతిపక్షం తప్పుకోవడం పెద్దమనసే. కాని ఆ పెద్దమనసు వల్ల వోటరు ముందున్న దారులలో ఒకటి మూసుకుపోయినది గదా!

మన కన్నడ దేశంలోనే ఇంకొక ఉదాహరణ ఉన్నది. 1978లో డి.బి. చంద్రేగౌడగారు చిక్కమగళూరు స్థానం వదిలి ఇందిరాగాంధీగారికి దారి ఇచ్చారు. అక్కడ జనతా పక్షం వీరేంద్ర పాటిల్‌గారిని నిలిపి గట్టిగా పోరాడినది. నవంబరులో ఇందిరగారే 70 వేలకు పైగా ఆధిక్యతతో గెలిచారు. డిసెంబరులో లోక్‌సభ ఆమెను బహిష్కరించినది. చిక్కమగళూరుకు మళ్లీ సభ్యులు లేకపోయినారు. పెద్దవారి కోసం ఖాళీ చేసిన ఇంటిలో పెద్దవారు ఎన్నాళ్లుంటారో చెప్పలేము.

రాజీనామా లేఖ స్పీకరుగారికి చేరుతుంది. అది ఒత్తిడి లేకుండా, మనస్ఫూర్తిగా ఇచ్చినదేనా అని విచారించే అధికారం 1974లో చేసిన రాజ్యాంగ సవరణ వల్ల ఆయనకున్నది. 1996 నుండి, ఖాళీని సాధారణంగా ఆరు నెలలలో పూరించాలన్న చట్టమూ ఉన్నది. సభ్యుని మనసు తెలుసుకొనేందుకు ఏర్పాటున్నది. వోటరు మనసు తెలుసుకొనేందుకు ఉప ఎన్నిక ఒక్కటే ఉన్నది.

అందుకే మా విన్నపము ఒక్కటే. ఉప ఎన్నిక వచ్చినప్పుడు "ఫలితం తెలిసినదే గదా" అని ఇంట కూర్చోవద్దు. రాజీనామా సభ్యుని ఇష్టము కావచ్చు. స్థానం మాత్రం మనది.