ముడులు లెక్కపెట్టిన రాత్రి



ఎం.సి.ఏ. చివరి సెమిస్టరులో మేము ముగ్గురం కలిసి చేసిన ప్రాజెక్టు మన హాస్టల్ మెస్సు లెక్కల ప్రోగ్రాము. జావాలో రాశాం. క్లాసులు ఆరు: విద్యార్థి, హాజరు, మెస్సు, స్టోరు, ఛార్జీలు, రిపోర్టు. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పాసైన మొదటివాళ్లం మేమే. ప్రాజెక్టు తప్పితే ఇంటికెళ్లి ఏం చెప్పాలో మాకు తెలియదు.

రేపు వైవా అనగా ఒక చిన్న మార్పు చేశాం. కొత్త గదులకు 12ఎ, 12బి అని నంబర్లు వచ్చాయి. మా విద్యార్థి క్లాసులో గది నంబరంటే ఉత్త అంకె. అక్షరం కూడా పట్టేలా మార్చాం. అంతే! హాజరు, మెస్సు, ఛార్జీలు, రిపోర్టు నాలుగూ కంపైల్ కాలేదు. తప్పు నీదంటే నీదని కేకలేసుకున్నాం.

కోపం చల్లారాక నోట్సు తీశాం. మాడ్యూళ్ల మధ్య ఉండే ముడినే కప్లింగ్ అంటారు. దాన్ని కొలవడానికి శ్యామ్ చిదంబర్, క్రిస్ కెమరర్ 1994లో ప్రచురించిన ఆరు కొలతల్లో ఒకటి సీబీఓ. ఒక క్లాసు మరెన్ని క్లాసులతో ముడిపడిందో ఆ సంఖ్యే సీబీఓ. ఒకదాని మెథడ్లు ఇంకోదాని మెథడ్లనో, డేటానో వాడుకుంటే ముడి ఉన్నట్టే. ఎన్నిసార్లు వాడినా ఒక్కటిగానే లెక్క. కాగితం మీద ఆరు సున్నాలు చుట్టి గీతలు కలిపాం. స్టోరుకు 1, విద్యార్థికి 4 వచ్చింది.

ముందుగా గది నంబరును ప్రైవేటు చేశాం. కావలసినవాళ్లు మెథడు ద్వారా అడిగి తీసుకోవాలన్నాం. మళ్లీ లెక్కపెడితే అదే 4! అప్పుడు తెలిసింది, సీబీఓ ముడులు ఎన్నో చెబుతుంది గాని ఎలాంటివో చెప్పదని. అవతలి మాడ్యూలు లోపలి భాగాన్ని పట్టుకోవడం కన్నా దాన్ని పేరుతో పిలిచి పని అడగడం మేలని స్టీవెన్స్, మయర్స్, కాన్‌స్టంటైన్ 1974లోనే తమ వ్యాసంలో వివరించారు. పరీక్షకు బట్టీ పట్టిన ఆ మాట ఆ రాత్రే మాకు అర్థమయింది.

తరువాత రిపోర్టు క్లాసు విద్యార్థి జోలికి పోకుండా, మెస్సు ఇచ్చిన బిల్లునే అచ్చు వేసేలా మార్చాం. విద్యార్థి సీబీఓ 3కు దిగింది. ప్రోగ్రాము నడిచింది. అప్పటికి తెల్లవారింది.

వైవాలో, “ముడులు సున్నా చేయలేకపోయారా?” అని అడిగారు. “సున్నా అయితే ఆ క్లాసు ఎవరికీ పనికిరాదు సార్” అన్నాం. ఆయన నవ్వి సంతకం పెట్టారు.

ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉన్నాం. అమ్మానాన్నలు, చెల్లెళ్లు, తమ్ముళ్లు మా మీదే ఆధారపడి ఉన్నారు. ఆ ముడులు తెంచుకునేవి కావు. మేము మారేటప్పుడు వాళ్లు తడబడకుండా చూసుకోవడమే మా పని.

తమ్ముళ్లారా, మీరు మాత్రం సున్నాలు, గీతలు కోడు రాయకముందే గీసుకోండి. వైవా ముందు రాత్రి దాకా ఆగకండి.