కుక్కకు గోత్రమేల?

మా యింటికి కుక్కపిల్లను తేవలెనని నా కుమార్తె మొదట అడిగిననాడు నేను నవ్వి యూరకుంటిని. రెండవమారు అడిగిననాడు పరీక్షలు కానిమ్మంటిని. మూడవమారు అడుగునప్పటికి పరీక్షలును ముగిసెను, నా సాకులును ముగిసెను. కుక్కను తెచ్చుట నిశ్చయమైనది. ఎచ్చటనుండి తేవలెనన్న ప్రశ్న మాత్రము మిగిలెను. ఇది స్వల్పవిషయమే యని తలచితిని. కాని నా నోటి సిద్ధాంతములకును నా చేతి పనులకును గల దూరమెంతయో అదియే నాకు చూపినది. అందుచేతనే ఈ సంగతిని చదువరులకు విన్నవించుకొనుచున్నాను.

మేము గోదావరిఖనిలో సింగరేణి కార్మికుల క్వార్టర్లలో నివసించువారము. నేను భూగర్భగనిలో ఓవర్‌మన్ ఉద్యోగము చేయుచున్నాను. పదవీవిరమణకు ఇంక ఏడేండ్లున్నవి. మా కాలనీలో మూడు షిఫ్టులవారును ఉందురు గాన, రాత్రియని పగలని లేక యెవరో యొకరు పనికి పోవుచు, ఎవరో యొకరు ఇంటికి వచ్చుచు నుందురు. వేళగాని వేళ వచ్చువానిని వాసనచేతనే పోల్చుకొని, మొరగక తోక యాడించునవి మా వీధికుక్కలు. ఇరువదేండ్లుగా వానిని చూచుచున్నాను. కాని మా యింటికి కుక్క కావలెననుకొన్నప్పుడు నా దృష్టి వానిపై పడలేదు. మనకు కావలసినది “జాతికుక్క” యని నేను ముందుగనే తీర్మానించుకొంటిని.

ఈ తీర్మానము క్రొత్తది గాదు. నాలుగేండ్ల క్రిందట నగరములోని యొక యంగడిలో పదునెనిమిదివేల రూపాయలిచ్చి, తెల్లని జూలు గల విదేశజాతి పిల్ల నొకదానిని కొనివచ్చితిని. అంగడివాడు ముద్రలు వేసిన కాగితము నొకదానిని చూపి, దాని తాతముత్తాతల పేర్లను చదివి వినిపించెను. నేను మిక్కిలి సంతోషించితిని. తొమ్మిదవ దినమున ఆ పిల్ల రక్తవిరేచనములతో మరణించినది. అది పార్వో యను వైరస్ వలన వచ్చు వ్యాధి యనియు, పిల్లకు ఐదు వారములైనను నిండియుండవనియు, పాలు మానకమునుపే తల్లినుండి వేరుచేసియుందురనియు పశువైద్యుడు చెప్పెను. పెరటిలో గుంట త్రవ్వుచుండగా, అప్పటికి ఎనిమిదేండ్లదైన నా కుమార్తె “బాపూ, దీని అవ్వ యాడున్నది?” అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోయితిని. దాని వంశమును మూడు తరములవరకు విచారించినవాడను; కన్నతల్లిని చూపుమని ఒక్కమాటైనను అడిగినవాడను గాను.

చదువరులారా, నేను సభలలో కులాంతరవివాహములను సమర్థించి మాట్లాడువాడను. పెండ్లిచూపులలో గోత్రములు విచారించువారిని చూచి నవ్వువాడను. అట్టి నేను కుక్కయొద్దకు వచ్చునప్పటికి గోత్రపత్రము లేనిది గడప దాటరాదని యెట్లు నిర్ణయించుకొంటిని? మనుష్యులలో దాచుకొన్న దురభిమానమును నేను కుక్కలలో బయటపెట్టుకొంటినేమో!

అయినను ఈసారియు మొదట ఆ త్రోవనే వెదకితిని. వెదకుటవలన కొంత నేర్చుకొంటిని. కుక్కల పెంపకమును గూర్చి, వాని యమ్మకమును గూర్చి 2017లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. పిల్లలను పుట్టించి అమ్మువాడు రాష్ట్ర జంతుసంక్షేమమండలిలో నమోదు చేయించుకొనవలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. నేను విచారించిన అమ్మకపుదారులు ఐదుగురిలో నమోదుపత్రము చూపినవాడొక్కడు. మిగిలినవారిలో ఒకడు పిల్లను బస్సులో పంపెదననెను. మరియొకడు తల్లిని చూచుట కుదరదనెను. తల్లిని చూడనీయనివాని యొద్ద పిల్లను కొనరాదని నాకు పశువైద్యుడు చెప్పిన మాట. ఆ తల్లి బోనులో నుండునో, ఎన్ని కానుపులు కనెనో, దాని యొడలెట్లున్నదో చూడనీయనివాడు దాచుచున్నది ఆ సంగతినే.

శీతోష్ణస్థితిని గూర్చియు ఆలోచింపవలెను. సైబీరియా మంచులో బండ్లు లాగిన హస్కీని, ఆల్ప్సు పర్వతములలో బాటసారులను కాపాడిన సెయింట్ బెర్నార్డును తెచ్చి, వేసవిలో 45 డిగ్రీలు దాటు రామగుండపు టెండలో రెండు గదుల క్వార్టరులో కట్టివేయుట ప్రేమ యనిపించుకొనదు. ముధోలు, రాజపాళయము వంటి మన దేశపు జాతులు ఎండ కోర్చును గాని, అవి పరుగులకు, వేటకు పుట్టినవి, ఇరుకింటిలో నిలువవు. జాతికుక్కలను పెంచుట తప్పని నేననను. తెలిసి, తగిన తావుండి, నియమముగల వానియొద్ద కొనువాడు తప్పు చేయుటలేదు. నాకు అట్టి తావును లేదు, అట్టి యవసరమును లేదు. ఇరుగుపొరుగువారు చూచి మెచ్చుకొందురన్న కోరిక మాత్రమున్నది.

ఇట్లుండగా మా వరుసలోనే యొక సంగతి జరిగినది. నా తోడి యుద్యోగి యొకడు పదవీవిరమణ చేసి, క్వార్టరు ఖాళీచేసి, స్వగ్రామమునకు తరలిపోయెను. ఆ యింట ఆరేండ్లుగా గోధుమరంగు ఆడుకుక్క యొకటి పెరుగుచుండెను. సామాను లారీ కెక్కించిన పిదప, “ఊర్లె అన్నీ సదురుకున్నంక వచ్చి తీస్కపోత” అని యతడనెను. తిరిగి రాలేదు. ఆ కుక్క తాళము వేసిన తలుపుముందు నెలదినములు పడియుండెను. ఎవరైన అన్నము పెట్టిన తిని, మరల ఆ తలుపు కడకే పోవును. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపోవుట 1960 నాటి జంతుహింసా నివారణచట్టము ప్రకారము నేరము. మొదటి తప్పునకు పది మొదలు ఏబది రూపాయలవరకు జరిమానా. కాని యతనిని నిందించుటకు నాకు నోరు రాదు. ఆ దినమున లారీకి సామాను అందించినవారిలో నేనును ఒకడను. కుక్క మాట నేనును ఎత్తలేదు.

ఆ కుక్క యా మెట్లక్రిందనే నాలుగు పిల్లలను పెట్టినది. మూడు మగవి, ఒకటి ఆడది. పిల్లలు కండ్లు తెరచి నడక నేర్చుకొనగానే, మగపిల్లలను మూడింటిని మూడు దినములలో ఎవరెవరో యెత్తుకొనిపోయిరి. ఆడుపిల్ల మిగిలెను. నా కుమార్తె నన్నచ్చటికి తీసికొనిపోయి, “బాపూ, మగయి తీస్కపోయిన్రు. దీన్ని ఎవ్వరు తీస్కపోతలేరు. ఆడిదైనందుకేనా?” అని యడిగెను. పండ్రెండేండ్ల బాలిక యీ ప్రశ్న నడిగినప్పుడు అది కుక్కను గూర్చిన ప్రశ్న మాత్రమే కాదని యే తండ్రికి తెలియదు?

ఇంటిలో చర్చ జరిగెను. నా తల్లి యొప్పుకొనలేదు. “ఆడకుక్క యెందుకు బిడ్డా? ఏడాదికి రెండుసార్లు పిల్లలు పెడ్తది. వాటినెవ్వలు సాకాలె?” అనెను. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము ఆడుదానిని వీధిలో వదలుట కాదు, శస్త్రచికిత్స చేయించుట. ఇంచుమించు ఆరు నెలల యీడు వచ్చిన పిదప చేయింపవచ్చునని పశువైద్యుడు చెప్పెను. వీధిలో వదలిన ఆడుపిల్ల యేటేట పిల్లలను పెట్టును. ఇంటికి తెచ్చి చికిత్స చేయించినచో ఆ వరుస అచ్చటితో ఆగును. కావున వీధికుక్కలు పెరుగుచున్నవని మొరపెట్టుకొనువారు మొదట తీసికొనవలసినది ఆడుపిల్లనే.

నా భార్య భయము వేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు కరచి చంపినవి. ఆ తల్లిదండ్రుల దుఃఖము ముందు జంతుప్రేమ ప్రసంగములు పనికిరావు. రేబీస్ సోకి లక్షణములు బయలుపడిన పిదప మనుష్యుడు బ్రతుకుట యరుదు. కాని 1885 జూలై 6వ తేదీన పాశ్చరు, కుక్క కరచిన బాలునకు తొలిటీకా వేయించిననాటినుండి ఈ వ్యాధిని రాకుండ ఆపు మార్గము మన చేతిలోనే యున్నది. కరచిన చోటును పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పెంచుకొను కుక్కకు మూడవ నెలలో రేబీస్ టీకాయు, పిదప వైద్యుడు చెప్పిన గడువులకు మరల టీకాయు వేయింపవలెను. 2025 ఆగస్టులో సర్వోన్నతన్యాయస్థానము వీధికుక్కలను గూర్చి యిచ్చిన యుత్తరువులో, కోరినవారు పురపాలకసంస్థకు దరఖాస్తు పెట్టి వానిని దత్తు తీసికొనవచ్చునని, అవి తిరిగి వీధికి రాకుండ చూచుట వారి బాధ్యత యని చెప్పినది. మా వంటివారికి ఆ రెండవమాటయే ముఖ్యము.

“ఊరకుక్క యెందుకు పనికివచ్చును?” అని నా మిత్రుడొకడు పరిహసించెను. 1957 నవంబరు 3వ తేదీన సోవియటు శాస్త్రజ్ఞులు భూమిచుట్టు తిరుగుటకు పంపిన తొలిప్రాణి లైకా. అది మాస్కో వీధులలో పట్టితెచ్చిన దిక్కులేని ఆడుకుక్క. చలికిని ఆకలికిని ఓర్చినదని వీధికుక్కనే యెన్నుకొనిరి. కొన్ని గంటలలోనే అది వేడికి తాళలేక మరణించినది. తిరిగి తెచ్చు నుపాయము లేదని యెరిగియే పంపిరి. మనుష్యుని యవసరమునకు ఊరకుక్క పనికివచ్చును. మనుష్యుని గడపకే పనికిరాదు!

మన భాషలో కుక్క యనుట తిట్టు. కాని మన భారతము తెరవగానే ఆదిపర్వమున కనబడునది సరమ యను దేవశునకము. తప్పుచేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టిరని ఆమె రాజుకడకు వచ్చి, దీనులకు అకారణముగా కీడు చేయువారికి తలవని యాపదలు వచ్చునని చెప్పిపోయెను. అంతటి రాజు ఆ మాటకు జంకి, శాంతి చేయగల పురోహితుని వెదకుకొనెను. నేను ఆ తాళము వేసిన తలుపు ముందునుండి నెలదినములు షిఫ్టుకు పోయి వచ్చితిని. నాకు జంకైనను కలుగలేదు.

తుదకు ఎనిమిది వారములు నిండువరకు పిల్లను తల్లికడనే యుంచి, దినము రెండుపూటల తల్లికి అన్నము పెట్టి, పిమ్మట పిల్లను తెచ్చుకొంటిమి. ఎనిమిదవ వారమున తొలిటీకా వేయించితిమి. పాలు మానిన తరువాత తల్లికిని శస్త్రచికిత్స చేయించితిమి. రెండింటికిని కలిపి అయిన వ్యయము ఆనాటి పదునెనిమిదివేలలో నాలుగవవంతు. నా తల్లి పిల్లకు పాలన్నము తానే కలుపుచున్నది. ఒప్పుకొంటినని మాత్రము నేటికిని అనలేదు.

కుక్కను తేదలచినవారికి నా మనవి యొక్కటే. దాని తాతల పేర్లను గాక దాని తల్లిని చూడుడు. మీ యింటి తావును, మీ యూరి యెండను, మీ తీరికను చూచుకొనుడు. అది పది పండ్రెండేండ్లు బ్రతుకును. అప్పటికి మీరెచ్చట నుందురో కూడ ఆలోచించుకొనుడు. నా మట్టుకు ఏడేండ్లకు ఈ క్వార్టరు ఖాళీ చేయవలెను. ఆనాడు లారీలో బీరువాకు చోటు లేకున్నను కుక్కలకు చోటుండవలెనని నా కుమార్తె ఇప్పుడే నాచేత మాట తీసికొన్నది.

పిల్ల యిల్లంతయు తిరుగును. తల్లి మాత్రము ఎంత పిలిచినను గడప దాటి లోనికి రాదు. తలుపు తెరచియే యున్నను, వాకిట పడుకొని, దానివంకనే చూచుచుండును.