కిరాయి సైనికుడి దినకూలి

రాజుల యుద్ధాలను వర్ణించే కావ్యాలకు మనకు కొదవ లేదు. ఆ యుద్ధాల్లో కత్తి పట్టినవాడికి రోజుకెంత ముట్టిందో చెప్పిన కావ్యం మాత్రం నా కంట పడలేదు. ఆ లెక్క నాకొక కంప్యూటరు ఆటలో దొరికిందంటే తోటి ఉపాధ్యాయులు నవ్వారు. నవ్వి తోసెయ్యదగిన విషయం కాదని నా అభిప్రాయం.

ఆట పేరు ‘బ్యాటిల్ బ్రదర్స్’. జర్మనీలో హాంబర్గు నగరానికి చెందిన ఓవర్‌హైప్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ దీన్ని 2017లో విడుదల చేసింది. మధ్యయుగపు ఐరోపాను పోలిన కల్పిత దేశం. లేచి నడిచే శవాలు కూడా వున్నాయనుకోండి, వాటినలా వుంచుదాం. ఆడేవాడు ఒక కిరాయి దండుకు నాయకుడు. చదరంగంలో మాదిరే వంతులవారీగా ఎత్తులు వేయాలి. అయితే చదరంగపు బంటుకు ఆకలి లేదు, పేరు లేదు. ఇక్కడ ప్రతి మనిషికీ పేరున్నది, వెనుకటి వృత్తి వున్నది: పాలేరు, జాలరి, గనిపనివాడు, బిచ్చగాడు, ఇంటినుంచి వెళ్ళగొట్టబడిన దొరబిడ్డ. రోజూ కూలి ఇవ్వాలి, తిండి పెట్టాలి.

బిచ్చగాణ్ణి చేర్చుకోవడానికయ్యే ఖర్చు బహు స్వల్పం. మంచి ఇనుప కవచం ఒక్కటి కొనే డబ్బుతో అటువంటివాళ్ళను పదిమందికి పైగా తెచ్చుకోవచ్చును. కాబట్టి కవచం మిగిలి మనిషి పోయినా నాయకుడి లెక్కలో పెద్ద నష్టం లేదు. ఈ మాట ఆటలో ఎవరూ అనరు, ఖాతా అంటుంది. మనిషి సరుకు కావడమంటే ఏమిటో తరగతిలో నేను నెలరోజులు చెప్పినా తలకెక్కని కుర్రాళ్ళు, ఈ ఖాతా చూసి ఒక్క సాయంత్రంలో గ్రహించారు.

2020లో వచ్చిన ‘బ్లేజింగ్ డెసర్ట్స్’ అనే అనుబంధం ఇంకా ముందుకు పోయింది. దక్షిణాన ఎడారి నగరాలు. అక్కడ అప్పుకింద బందీలైన మనుషులు. వాళ్ళకు దినకూలి లేదు. వాళ్ళలో ఒకడు కూలితే పక్కనున్న జీతగాడి ధైర్యం చెక్కుచెదరదు. తనలాంటి జీతగాడు కూలితే చెదురుతుంది! హైదరాబాదు సంస్థానపు పల్లెల్లో భగేలా పేరుతో సాగిన రుణదాస్యాన్ని ఎరిగినవారికి దీన్ని విడమరచనక్కరలేదు.

ఇదంతా గాలిలోంచి పుట్టలేదు. 14వ శతాబ్దపు ఇటలీలో నగరాలు కిరాయి నాయకులతో ‘కొండొట్టా’, అంటే ఒప్పందం, రాసుకొని యుద్ధాలు చేయించేవి. అటువంటి నాయకుడైన ఇంగ్లీషువాడు జాన్ హాక్‌వుడ్ 1394లో ఫ్లారెన్సులో చనిపోయాడు. 1436లో పావొలో ఉచ్చెల్లో అక్కడి ప్రధాన చర్చి గోడమీద అతణ్ణి గుర్రమెక్కించి చిత్రించాడు. అతని దండులో చచ్చినవాడి పేరు ఆ గోడమీద ఒక్కటీ లేదు.

ఆటలో తద్విరుద్ధంగా మృతుల పట్టిక వున్నది. ఎవడు ఎన్ని రోజులు పనిచేశాడో, ఎన్ని పోరాటాల్లో నిలిచాడో, ఎలా చచ్చాడో అందులోకెక్కుతుంది. నాయకుడికి మామూలుగా ముఖమే వుండదు. ఈ ఒక్క పుట కోసం ఆ సంస్థను మెచ్చుకుంటాను.

కాని కూలి అందకపోతే ఈ మనుషులు ఏం చేస్తారు? మొహం ముడుచుకుంటారు, ఆపైన ఎవడి దారిన వాడు దండు విడిచి పోతాడు. అందరూ కూడి అడగడమన్నది నాకెక్కడా ఎదురుపడలేదు. ఇది పెద్ద కొరత అన్నాను.

“వాళ్ళు సంఘం పెట్టుకుంటే ఇక ఆడేదేముంటుంది మాస్టారూ?” అన్నాడొక విద్యార్థి.

ఖాతా వాళ్ళ చేతికి వస్తుంది, అక్కణ్ణుంచి ఆడమన్నాను. వాడు ఒప్పుకోలేదు.