నాన్న బుగ్గ మీద లవంగం

ఆదివారం పొద్దున మా ఇంట్లో లవంగం వాసన రెండు చోట్ల నుంచి వచ్చేది. ఒకటి వంటింట్లోంచి, అమ్మ మాంసం కూరకు మసాలా నూరుతుంటే. రెండోది వసారాలోంచి, కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని నాన్న గడ్డం గీసుకోవడం అయ్యాక. పాలతెలుపు సీసా, దాని మీద తెరచాపల ఓడ, ఎర్రటి అక్షరాల్లో ఓల్డ్ స్పైస్. అరచేతిలో నాలుగు చుక్కలు ఒంపుకుని రెండు బుగ్గలూ చటచటా చరుచుకునేవాడు. బ్లేడు గాటు పడ్డచోట స్పిరిట్ తగిలితే ‘స్‌స్’ అనేవాడు. ఆ మంట ఓర్చుకున్న రోజే నేనూ మగాణ్ణవుతానని నా లెక్క.

స్పిరిట్ బుగ్గ మీది వేడిని లాక్కుని ఆవిరైపోతుంది. ఆ చల్లదనం అందుకే. దాని వెనకే నారింజ తొక్క వాసనా ఎగిరిపోతుంది. అప్పుడు బయటపడతాయి జాజికాయ, లవంగం, దాల్చినచెక్క. మధ్యాహ్నం నాన్న పక్కన పడుకుంటే చొక్కా కాలర్ దగ్గర వెనిల్లా తీపి, కాస్త కస్తూరి మిగిలేవి. పొద్దున గదమాయించిన మనిషే సాయంత్రానికి మెత్తబడినట్టు.

ఈమధ్య ఓల్డ్ స్పైస్ పుట్టుక తెలిసి నవ్వొచ్చింది. అమెరికాలో షల్టన్ కంపెనీ పెట్టిన విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్‌కు, వాళ్లమ్మ గులాబీ రేకులూ సుగంధ ద్రవ్యాలూ కలిపి ఇంట్లో ఉంచుకునే పాత్ర గుర్తుకొచ్చి ఈ ఆలోచన తట్టిందంటారు. 1937లో మొదట వచ్చిన ఓల్డ్ స్పైస్ ఆడవాళ్లదే. మగవాళ్లది ఆ మరుసటేడు, 1938లో. సీసా మీదికి గ్రాండ్ టర్క్ లాంటి పాతకాలపు వర్తక నౌకలెక్కాయి. అమ్మ పాత్రలోని వాసనకు తెరచాప కడితే మగతనమైంది!

మా నాన్న వంటింటి గడప తొక్కినవాడు కాదు. పోపు మాడితే కసురుకునేవాడు. అలాంటి మనిషి ఇన్నేళ్లూ మసాలా డబ్బానే బుగ్గలకు రాసుకుని దర్జాగా ఆఫీసుకు వెళ్లాడన్నమాట.

ఈ సంగతి అమ్మకు చెప్పాను. నాన్న సీసా తెచ్చి మూత తీసింది. ఉడుకుతున్న కూర వాసన చూసినట్టే కళ్లు మూసుకుని పీల్చింది.

“లవంగం సరిపోయింది కానీ, జాజికాయ కాస్త ఎక్కువైందిరా” అంది.