అమ్మ అడగలేకపోయిన మాట



నాన్నగారికి 78 ఏళ్లు, అమ్మకు 73. పాపికొండలు చూడాలని ఇద్దరికీ ఎప్పటినుండో ఆశ. ఈ చలికాలం తీసుకెళ్దామని, గండిపోచమ్మ రేవు నుండి బయలుదేరే లాంచీ వాళ్లకు ఫోను చేశాను. టికెట్ ఎంత, భోజనం పెడతారా, లైఫ్ జాకెట్లు అందరికీ ఇస్తారా అని అడిగాను. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం మన ప్రాంతంలో ఎవరు మరచిపోతారు?

అంతా కుదిరింది అనుకున్నాక అమ్మ, "నేను రానులే నాయనా, మీరు వెళ్లిరండి" అంది. నీళ్లంటే భయమేమో అనుకుని ప్రార్థన చేసి ధైర్యం చెప్పాను. అమ్మ తల వంచుకుంది.

రాత్రి నా భార్య చెప్పింది. "లాంచీలో బాత్రూం ఉంటుందా అని అత్తయ్యగారు నన్ను అడిగారండీ. సభలకు బస్సెక్కే రోజున ఆవిడ పొద్దుటి నుండి మంచినీళ్లు ముట్టరు. మీకు తెలియదా?"

నాకు తెలియదు. తల్లిదండ్రులను సన్మానించాలని ఎన్ని ఆదివారాలు ప్రసంగించానో!

మర్నాడు మళ్లీ ఫోను చేశాను. బాత్రూం సంగతి, లాంచీ ఎక్కేచోట చెయ్యి పట్టుకుని ఎక్కించే మనిషి సంగతి, పేరంటాలపల్లిలో దిగకుండా కూర్చోవచ్చా అన్న సంగతి కనుక్కుని అమ్మకు చెప్పాను. కాసేపు ఊరుకుని, "పడవలో చలిగా ఉంటుందేమో, శాలువా తెచ్చుకోనా?" అంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు "నేను రానులే" అంటే, ఆ మాట వెనుక ఏముందో మెల్లగా కనుక్కోండి. ఆ ఓపిక ప్రభువు మనకు దయచేయును గాక.