గోడ అలమరా? విడి బీరువా?

మిక్సీ కొనాలన్నా, గ్రైండరు కొనాలన్నా ఇంట్లో మనల్ని అడగకుండా కొనరు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అది నీకు తెలీదులే" అంటారు. రిపేరుకి డబ్బు తీయాల్సింది మాత్రం మన పోపుల డబ్బాలోంచే! అందుకే సోదరీమణులూ, ఈ వారం కంప్యూటర్‌కి నెట్ వైరు గుచ్చే చోటు గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. నేను చదివింది ఇంటర్ దాకానే. అయినా ఇదేమంత బ్రహ్మవిద్య కాదు సుమండీ.

మన ఇళ్లలో గోడలోనే కట్టేసిన అలమరలుంటాయి, విడిగా కొనుక్కునే బీరువాలూ ఉంటాయి కదా. ఇదీ అంతే. కంప్యూటర్ డబ్బా లోపల అన్నిటికీ ఆధారంగా ఒక పెద్ద పలక ఉంటుంది. దాన్ని మదర్‌బోర్డు అంటారు. నెట్ పని చూసే చిప్పు ఆ బోర్డు మీదే అతికి వస్తే ఆన్‌బోర్డు, అంటే గోడ అలమర. అరచేతిలో పట్టే చిన్న కార్డు కొని బోర్డు మీదున్న స్లాటులో గుచ్చితే అది విడి కార్డు, అంటే బీరువా. 1990లలో చాలా కంప్యూటర్లకి విడి కార్డే గతి. 2000 దాటిన కొన్నేళ్లకి బోర్డు మీదే ఇవ్వడం మామూలైపోయింది.

కొత్త కంప్యూటర్ కొనేవాళ్లు చాలామంది "విడి కార్డు కూడా వేయించమంటారా, నెట్ స్పీడుగా వస్తుందట" అని అడుగుతుంటారు. అక్కర్లేదండీ. వీధి కుళాయిలో నీళ్లే సన్నగా వస్తుంటే ఇంట్లో ఇత్తడి పంపు బిగించి ఏం లాభం? ఇప్పుడొచ్చే బోర్డుల మీద సెకనుకి 1000 మెగాబిట్లు, కొన్నింటి మీద 2500 మెగాబిట్లు అందుకునే చిప్పులుంటున్నాయి. మనం కట్టే ప్లాను 100 అయినా, 200 అయినా దానికి అది ధారాళంగా సరిపోతుంది. పిల్లల క్లాసులకీ, ఆఫీసు పనికీ, సినిమాలకీ గోడ అలమర చాలు.

మరి బీరువా ఎప్పుడు కావాలి? మా ఇంట్లో జరిగిందే చెబుతాను. 2021 జూన్‌లో ఒక సాయంత్రం ఉరుములూ మెరుపులూ వచ్చి వెళ్లాక మా కంప్యూటర్‌లో నెట్ పోయింది. అప్పట్లో మా వీధికి నెట్ స్తంభం మీది పెట్టెలోంచి రాగి వైరుతో వచ్చేది. మా పెద్దమ్మాయికి ఉద్యోగం వచ్చి రెండు నెలలే. కరోనా వల్ల ఇంట్లోంచే పని. ఆ వయసులో, ఆ కొత్తలో, నెట్ లేదని ఎన్ని రోజులు చెప్పగలదు చెప్పండి?

రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే, "బోర్డు పోయిందమ్మా. ఇంత పాత బోర్డు ఇప్పుడు దొరకదు. కొత్త బోర్డంటే ప్రాసెసరూ ర్యామూ కూడా మార్చాలి. 18,000 అవుతుంది" అన్నారు. ఆ నెలలో మా దగ్గరున్న డబ్బల్లా అబ్బాయి కాలేజీ ఫీజుకి దాచిందే.

"బాబూ, కంప్యూటర్ ఆన్ అవుతోంది, పాటలొస్తున్నాయి, సినిమా ఆడుతోంది. నెట్ ఒక్కటే కదా రానిది, దానికి బోర్డంతా ఎందుకు?" అన్నాను. "మేం అందరికీ అలాగే చేస్తామండీ" అన్నాడు. నాకది జవాబులా అనిపించలేదు. కంప్యూటర్ ఇంటికి తెచ్చేసి, హార్డ్‌వేర్ పని తెలిసిన మా తోడికోడలి కొడుక్కి ఫోన్ చేశాను. "పిన్నీ, నువ్వడిగిందే సరైన ప్రశ్న. మార్చేముందు కొన్ని పరీక్షలు చేద్దాం" అన్నాడు. అవే మీకూ చెబుతున్నాను, రాసిపెట్టుకోండి.

మొదటిది, వైరు గుచ్చే చోట చిన్న లైట్లు వెలుగుతున్నాయా చూడాలి. వెలక్కపోతే అదే వైరు లాప్‌టాప్‌కి గుచ్చి చూడాలి. అక్కడ నెట్ వస్తే వైరు మంచిదే. రెండోది, కంప్యూటర్ ఆపేసి, కరెంటు ప్లగ్గు కూడా తీసేసి, కాసేపు ఉంచి మళ్లీ పెట్టాలి. బిగుసుకుపోయిన చిప్పు ఒక్కోసారి దీనికే లేస్తుంది. మూడోది, డివైజ్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ కనిపిస్తోందా, బయోస్ సెట్టింగుల్లో ఆన్‌బోర్డు ల్యాన్ ఆపేసి ఉందా చూడాలి. కనిపిస్తూ పసుపు గుర్తు ఉంటే అది డ్రైవర్ తేడా కావచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

మాకు ఇవేవీ పనిచేయలేదు. చిప్పు పోయిందని తేలింది. అబ్బాయి 750 రూపాయలు పెట్టి కార్డు తెచ్చాడు. ప్లగ్గు తీసి, డబ్బా విప్పి, స్లాటులో నొక్కి, ఒక స్క్రూ బిగించాడు. చెడిపోయినదాన్ని బయోస్‌లో ఆపేశాడు. నేను పెసరట్లు వేసి తెచ్చేలోపు నెట్ వచ్చేసింది! 18,000 ఎక్కడ, 750 ఎక్కడ! మర్నాడు పొద్దున అమ్మాయి పనిలో కూర్చుంది, ఫీజు డబ్బు బీరువాలోంచి కదల్లేదు.

కార్డు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. పెట్టె మీద 10/100/1000 అని ఉండాలి. 10/100 అని మాత్రమే ఉంటే అది 100 దగ్గరే ఆగిపోతుంది. పాత బోర్డుల్లో పీసీఐ అనే పొడుగు స్లాటు ఉంటుంది, తర్వాతి వాటిలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే పొట్టి స్లాటు. ఒకదాని కార్డు ఇంకోదానిలో పట్టదు, కాబట్టి ముందే ఫోన్‌తో స్లాటు ఫోటో తీసి షాపులో చూపించండి. మీది సన్నటి డబ్బా అయితే పొట్టి బిగింపు పట్టీ ఉన్న కార్డు అడగాలి. స్లాటు ఖాళీ లేకపోతే యూఎస్‌బీకి గుచ్చే అడాప్టర్లూ దొరుకుతాయి. ఇంకో మాట, 1000 స్పీడు రావాలంటే వైరు లోపలి నాలుగు జతల తీగలూ బాగుండాలి. ఒక జత తెగినా 100కి పడిపోవచ్చు. అప్పుడు కార్డుని తిట్టుకోకుండా వైరు మార్చండి.

చిప్పు పోయినప్పుడే కాదు, పాత బోర్డు 100 దగ్గరే ఆగిపోయి మీ ప్లాను అంతకంటే ఎక్కువైతే విడి కార్డు పెట్టుకోవడం దండగ కాదు. రెండు వైర్లు పెట్టుకోవాల్సిన పని ఉన్నవాళ్లకీ కావాలి. ఇవేవీ లేకుండా ముచ్చటకి కొంటే మాత్రం అట్టపెట్టెలో మూలుగుతుంది.

వానాకాలం కాబట్టి చివరగా ఒక జాగ్రత్త. మబ్బు పడుతుండగానే, ఉరుములు మొదలవక ముందే, కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ వైరు కూడా ఊడదీయండి. చాలామంది ప్లగ్గు తీసి వైరు మరిచిపోతారు. స్పైక్ బస్టర్ కరెంటు దారి కాస్తుందేమో గానీ నెట్ వైరు దారిన వచ్చేదాన్ని ఆపదు. విడి కార్డు వేసినా బోర్డుకి ఏమీ కాదన్న హామీ లేదు.

రిపేరువాళ్లందరూ మోసగాళ్లని నేననను. కానీ "మొత్తం మార్చాలి" అన్నప్పుడల్లా "పోయింది ఏది? దాన్నొక్కటీ మార్చలేరా?" అని అడగండి. ఆ ప్రశ్నకి డిగ్రీలు అక్కర్లేదు. రోజూ కూరగాయల బండి దగ్గర బేరం చేసే మనకి అడగడం కొత్తా, చెప్పండి!