నలభయ్యో వరస

నాన్న రోజూ పొద్దున్నే తెనాలి నుంచి ఫోన్ చేసి షుగర్ రీడింగ్ చెప్తారు. "నూట ముప్ఫై ఎనిమిదిరా." నేనది ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. పక్కనే ఒక లైన్ చార్ట్. రెండు నెలలపాటు ఆ గీత బుద్ధిగా ఉంది, నేనూ నిశ్చింతగా ఉన్నాను.

చార్ట్‌కి నేనిచ్చిన రేంజ్ నలభయ్యో వరసతో ఆగిపోయింది. కింద అంకెలు పెరుగుతున్నాయి, గీత పాత రోజుల్లోనే ఉండిపోయింది. రోజూ టైప్ చేసేవాణ్ణే కదా అంటారేమో. కొట్టాను, చదవలేదు. చూసిందంతా గీతనే.

సిగ్గుపడి, ఇంజనీరుని కదా, ఆఫ్‌సెట్, కౌంట్-ఎ కలిపి పెద్ద ఫార్ములా రాశాను. పనిచేసింది. మధ్యలో నాన్న ఏదో పెళ్ళికెళ్ళి ఒకరోజు చూసుకోలేదు, గడి ఖాళీగా వదిలాను. కౌంట్-ఎ నిండిన గడుల్నే లెక్కపెడుతుంది. రేంజ్ ఒక వరస కురచైంది. చూసుకోనిది ఆ రోజు, చార్ట్‌లోంచి మాయమైంది ఇవాళ్టి రీడింగు!

చివరికి కంట్రోల్ టి. డేటాని టేబుల్ చేసి దాన్నుంచి చార్ట్ గీస్తే చాలు, కింద కొత్త వరస రాయగానే టేబులూ చార్టూ వాటంతటవే సాగుతాయి. ఖాళీ గడి ఉన్నా పర్లేదు. ఎక్సెల్ 2007 నుంచీ ఉన్న సదుపాయమే.

కొత్త చార్ట్ వాట్సాప్‌లో పంపాను. నాన్న చాలాసేపు చూసినట్టున్నారు.

"ఇది పైకెక్కి మూడు వారాలైందిగా. అప్పుడే చెప్పలేదేంట్రా?"

"అమ్మకివ్వు ఫోను" అన్నాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ గురించి మాట్లాడాలి.